లూయిస్‌విల్ సరస్సు దగ్గర పాత పాంటూన్ బోటు కొనేవారు జాగ్రత్త: ట్యూబులు చూడకుండా సంతకం పెట్టకండి

డాలస్ చుట్టుపక్కల ఈ వేసవికి పాత పాంటూన్ బోటు (గాలి నిండిన లోహపు ట్యూబుల మీద తేలే, చదునైన నేల ఉన్న బోటు) కొనాలని చూస్తున్న మన కుటుంబాలవారు దయచేసి ఇది చదవండి. ఇతరుల బోట్లను కమీషన్ మీద అమ్మిపెట్టే ఆ యార్డు మీలో చాలామందికి తెలిసినదే కనుక పేరు రాయడం లేదు.

మేము రెండు బోట్ల మధ్య ఊగిసలాడాము. ఒకటి 20 అడుగులది, రెండు ట్యూబులు, 90 హార్స్‌పవర్ ఇంజను. సీట్లు వెలిసిపోయాయి గాని సర్వీసు రసీదులన్నీ ఉన్నాయి. రెండవది 22 అడుగుల ట్రైటూన్, అంటే మూడు ట్యూబులది, కొత్త సీట్లు, కొత్త వినైల్ నేల. గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలను, ఇద్దరు పిల్లలను ఎక్కించుకోవాలి కనుక, మూడు ట్యూబులుంటే అలలకు తక్కువ ఊగుతుందని 3,500 డాలర్లు ఎక్కువైనా దానివైపే మొగ్గాను. నీళ్ళలో నడిపి చూపించమంటే బోట్లను నీళ్ళలోకి దించే ర్యాంపు దగ్గర రద్దీగా ఉందన్నారు. ట్రెయిలర్ మీదే ఇంజనుకు నీటి గొట్టం తగిలించి ఐదు నిమిషాలు తిప్పి చూపించారు. దానికి ఒప్పుకోవడం నా తప్పు. కొత్త సీట్లు చూసి మురిసిపోయి, వంగి అడుగుభాగం చూడకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. ట్యూబులలో ఎప్పుడైనా నీరు చేరిందా అని మాత్రం అడిగాను. అమ్మకందారు ఎడమ ట్యూబు మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, ఒక్క చుక్క కూడా లేదని నా భార్య ఎదుటే చెప్పాడు.

గత శనివారం తొలిసారి నీళ్ళలోకి దిగిన అరగంటకు బోటు ఎడమవైపు వెనక్కి వాలడం మొదలుపెట్టింది. అమ్మ రెయిలింగు గట్టిగా పట్టుకుని "ఏమిట్రా, ఇటు ఒరిగిపోతోంది" అన్నప్పుడు నాకు కాళ్ళు వణికాయి. ఎలాగో ఒడ్డు చేరాము. మెకానిక్ బోటును పైకెత్తి, ఆ ట్యూబు వెనుక గదిలోనుంచి సుమారు 40 గ్యాలన్లు, అంటే 150 కిలోల నీరు బయటకు తీశాడు. వెల్డింగు అతుకు వెంట జానెడు పగులు ఉంది. దాని మీద ఎపాక్సీ అనే గట్టి జిగురు పూసి, అది కనబడకుండా బూడిదరంగు వేశారు. తెలియక జరిగిన పని కాదది.

వెంటనే ఫోను చేశాను. నాన్నగారు పక్కనే ఉన్నారు, స్పీకరు పెట్టి ఉంది. అమ్మకందారు ముందుగా "ఉన్నది ఉన్నట్టుగా అమ్మాం, కాగితం చదవలేదా" అన్నాడు. ఎపాక్సీ మాట ఎత్తగానే "మీ తల్లిదండ్రులు ఎంత బరువుంటారో నాకేం తెలుసు" అన్నాడు. మా అమ్మ బరువు 48 కిలోలు. ఆ బోటు ప్లేటు మీద 11 మందికి సరిపోతుందని రాసి ఉంది, మేము ఎక్కింది ఆరుగురం. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు మాస్టారుగా పనిచేసిన మా నాన్నగారికి ఆ మాటలన్నీ అర్థమయ్యాయి. ఆయన ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్ళిపోయారు. మరమ్మతుకయ్యే డబ్బు ఎప్పటికైనా మరచిపోతానేమో గాని, తల్లిదండ్రులను అన్న ఆ మాటను మరచిపోలేను.

కొనేవారు నీళ్ళలో కనీసం అరగంట నడిపి చూడనిదే బయానా ఇవ్వకండి. ట్యూబుల అడుగున అతుకుల వెంట చెయ్యి పెట్టి తడమండి, ఒక్కచోటే రంగు వేసి ఉంటే ఎందుకో అడగండి. నోటితో చెప్పిన ప్రతి మాటనూ అమ్మకం కాగితంలో రాయించుకోండి. కొన్ని వందల డాలర్లు పోయినా మెరైన్ సర్వేయరుకు, అంటే బోట్లను పరీక్షించే నిపుణుడికి, చూపించండి. టెక్సస్‌లో బోటుకూ, దాని వెనుక బయట తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజనుకూ టైటిల్ పత్రాలు (యాజమాన్య పత్రాలు) వేర్వేరు కనుక, రెండింటి నంబర్లూ సరిచూసుకోండి.

నిన్న అటుగా వెళ్తే అదే వరుసలో, మా బోటు ఉండిన చోటనే, కొత్త సీట్లు వేసిన మరో నీలిరంగు ట్రైటూన్ కనిపించింది.