డిపాజిట్ పట్టుకోవడానికి మన వంటను కారణంగా రాస్తున్నారు: ఇంగ్లండ్ చిన్న ఊళ్ళలో అద్దెకుండేవాళ్ళు జాగ్రత్త

ఇంగ్లండ్‌లో అద్దెకుంటున్న, త్వరలో ఇల్లు ఖాళీ చేయబోతున్న తెలుగు కుటుంబాలన్నీ దయచేసి ఇది చదవండి. మెల్టన్ మౌబ్రే, ఓకమ్, స్టాంఫర్డ్, మార్కెట్ హార్బరో వంటి చిన్న మార్కెట్ టౌన్లలో పాత ఇళ్ళు తీసుకున్నవాళ్ళకు ఇది మరీ అవసరం. మేము ఖాళీ చేసిన ఇంటి ఏజెంటు మా డిపాజిట్‌లో దాదాపు మొత్తం పట్టుకుంటామని నిన్న రాసి పంపాడు. రెండు కారణాలు చూపించాడు. మొదటిది పడకగది గోడకు పట్టిన బూజు, రెండవది ఇంట్లో మిగిలిన వంట వాసన. రెండింటికీ మూలం మా వంట అని రిపోర్టులో రాశాడు. వివాదం ఇంకా తేలలేదు కాబట్టి ఏజెంటు పేరు ఇక్కడ రాయను. ఈ చుట్టుపక్కల ఇల్లు వెతికిన మనవాళ్ళకు ఎవరి గురించి మాట్లాడుతున్నానో చెప్పకుండానే తెలుస్తుంది.

మనవాళ్ళు ఎక్కువగా ఉండే పెద్ద నగరం లెస్టర్‌లో కాకుండా చిన్న ఊళ్ళో ఎందుకు ఉన్నామంటే, అందరికీ తెలిసిన కారణాలే: మావారి ఉద్యోగం, పాప బడి, స్టేషన్‌కు నడిచి వెళ్ళగలిగే దూరం. ఇల్లు విక్టోరియా కాలం నాటిది, ఒకదానినొకటి ఆనుకుని ఉండే ఎర్ర ఇటుక ఇళ్ళ వరుసలో ఒకటి. కింద వీధి వైపు గది, వెనుక వంటగది. పైన రెండు పడకగదులు. వంటగదిలో ఒక చిన్న కిటికీ తప్ప ఎగ్జాస్ట్ ఫ్యాను లేదు. మేము చేరిన రోజు ఇచ్చిన ఇన్వెంటరీలో, అంటే ఇల్లు ఏ స్థితిలో ఉందో రాసిన జాబితాలో, మెట్ల మీది కార్పెట్ అరిగిపోయి ఉందని, వీధి వైపు పడకగదిలో పైకప్పు అంచున పాత మరక ఉందని వాళ్ళే రాశారు. ఆ రెండు మాటలే ఇప్పుడు మాకు ఆధారం.

మొదటి చలికాలంలోనే ఆ పాత మరక ఉన్నచోట గోడ తడిసి, తర్వాత నల్లగా బూజు పట్టింది. అది మా పాప పడుకునే గది. నేను ఫొటోలు తీసి ఈమెయిల్ పంపాను. జవాబు మాత్రం ఫోన్‌లోనే వచ్చింది. మళ్ళీ రాస్తే మళ్ళీ ఫోనే వచ్చింది. చివరకు ఏజెంటే స్వయంగా వచ్చాడు. పాప మంచం పక్కకు జరిపి, గోడ మీద వేలు రాసి, ఆ వేలికి అంటిన నలుపును మాకు చూపించి, "ఇది మీ వల్ల వచ్చింది కాదు, చూరు కింద వాన నీళ్ళు పోయే గట్టర్ పొర్లి నీళ్ళు గోడలోకి దిగుతున్నాయి, యజమానితో మాట్లాడతాను" అని చెప్పాడు. వెళ్ళేటప్పుడు, ఇలాంటి చిన్న విషయాలకు ఈమెయిళ్ళు రాయనవసరం లేదని, తనకు ఒక ఫోన్ చేస్తే చాలని కూడా అన్నాడు. అతని మర్యాద చూసి మావారు టీ ఇచ్చి పంపారు. నేను ఈమెయిళ్ళు రాయడం మానలేదు. గట్టర్ బాగుచేయడానికి మాత్రం ఎవరూ రాలేదు. ప్రతి వారం బూజు తుడిచే మందు కొట్టి ఆ గోడను శుభ్రం చేస్తూ, పాప మంచాన్ని గది మధ్యకు లాగి, ఆ ఇంట్లో మిగిలిన కాలం గడిపాము.

ఖాళీ చేసే రోజున తనిఖీకి వచ్చినది ఆ మనిషే. ఇల్లంతా కడిగి, ఓవెన్ లోపలి జిడ్డు కూడా గీకి తీసి, కిటికీలన్నీ తెరిచి ఉంచాము. అతను నేరుగా పాప గదిలోకి వెళ్ళి, తను వేలు రాసి చూసిన గోడ ముందే నిలబడి, చేతిలోని ట్యాబ్లెట్‌లో టైపు చేస్తూ, "ఈ బూజు గురించి మీరు మాకు ఎప్పుడూ తెలియజేయలేదు" అన్నాడు. వేరే ఇంటి సంగతి పొరపాటున చెబుతున్నాడేమోనని నాకు ఒక క్షణం అనిపించింది. "మీరే వచ్చి చూశారు కదండీ, ఇక్కడున్న మంచాన్ని మీరే జరిపారు కదా" అన్నాను. "అలా వచ్చినట్టు మా రికార్డులో లేదు" అన్నాడు. అన్నంతసేపూ తల ఎత్తలేదు. నిజంగా మరిచిపోయిన మనిషి ఎప్పుడు వచ్చానని అడుగుతాడు, గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తాడు. ఇతను ఏమీ అడగలేదు. ఏం రాయాలో ముందే నిర్ణయించుకుని మెట్లెక్కాడని నాకు అప్పుడే తెలిసిపోయింది.

తర్వాత వంటగదిలోకి వచ్చి, ఖాళీ అల్మారా తలుపు తెరిచి, లోపలికి వంగి వాసన చూశాడు. పాప నా చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. "ఈ వాసన పోవాలంటే గోడలన్నిటికీ మళ్ళీ రంగు వేయాలి, మెట్ల కార్పెట్ మార్చాలి. మీవాళ్ళు ఉండి వెళ్ళిన ఇళ్ళన్నిటిలో మాకు ఇదే ఇబ్బంది" అన్నాడు. అతను వెళ్ళిన తర్వాత మన ఇల్లు కంపు కొడుతుందా అని పాప అడిగింది. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకుంటాము. ఇక్కడి బడిలో చదువుకుంటూ, ఇక్కడి పిల్లలతో ఆడుకునే పిల్ల తన ఇంటి అన్నాన్ని చూసి సిగ్గుపడేలా మాట్లాడిన మనిషిని క్షమించడం నా వల్ల కాదు.

అతని రిపోర్టులో ఉన్న వాదం ఎందుకు నిలవదో వివరంగా రాస్తాను, ఎందుకంటే రేపు ఇదే వాదం మీ ముందుకు వస్తుంది. వంట ఆవిరి, ఇంట్లో ఆరేసిన బట్టల తేమ చల్లటి గోడకు తగిలితే నీరుగా మారుతాయన్నది నిజమే. అన్నం గిన్నె మూతకు లోపల చుక్కలు పట్టినట్టు. అలా వచ్చే బూజు సాధారణంగా గది మూలల్లో, కిటికీ చట్రాల చుట్టూ, గాలి ఆడని అల్మారాల వెనుక కనిపిస్తుంది. గట్టర్ పగిలి గోడలోకి నీళ్ళు దిగితే గుర్తులు వేరుగా ఉంటాయి: మరక ఒకేచోట ఉంటుంది, వాన పడిన తర్వాత పెద్దదవుతుంది, బయట అదే ఎత్తులో ఇటుకలు తడిసి పచ్చగా పాకుడు పడతాయి. ఈ కాలపు ఇళ్ళ గోడలు ఎక్కువగా గట్టి ఇటుక గోడలే, మధ్యలో ఖాళీ పొర ఉండదు కాబట్టి బయటి తడి లోపలికి రావడానికి అడ్డు లేదు. ఇటుకల మధ్య పాత సున్నపు అతుకుల మీద తర్వాతి కాలంలో సిమెంటు పూసిన చోట ఆ తడి బయటికి ఆరిపోయే దారి కూడా మూసుకుపోతుంది. మా వంటగది కింద, ఇంటి వెనుక వైపు ఉంది. బూజు పట్టినది పైన, వీధి వైపు, సరిగ్గా పొర్లుతున్న గట్టర్ కింద. వంటగదికి ఆనుకుని ఉన్న గోడల మీద బూజు లేదని అతని రిపోర్టులోని ఫొటోలే చూపిస్తున్నాయి.

బూజుకు కారణం అద్దెకున్నవాళ్ళ జీవన విధానమని రాయడం ఈ దేశంలో ఎంత దూరం వెళ్ళిందో తెలియనివాళ్ళ కోసం ఒక్క విషయం చెప్పాలి. 2020 డిసెంబరులో రాచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ బాబు మరణించాడు. సూడాన్ నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. ఇంట్లో బూజు ఉందని తండ్రి పదేపదే చెప్పుకున్నా ఆ ఇంటిని తక్కువ అద్దెకు ఇచ్చిన సామాజిక గృహ సంస్థ దానిని సరిచేయలేదు. పైగా ఆ కుటుంబం స్నానం చేసే, వంట చేసే పద్ధతుల గురించి ఆ సంస్థే ఊహలు చేసింది. బూజు వల్లనే ఆ బాబు ప్రాణం పోయిందని 2022 నవంబరులో మరణ కారణాన్ని విచారించే అధికారి, కరోనర్, తేల్చారు. ఆ బాబు పేరుతో వచ్చిన నిబంధనలు సామాజిక గృహాలకు 2025 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రైవేటు అద్దె ఇళ్ళకు అవి ఇంకా విస్తరించవలసి ఉంది. పాప మంచం పక్కన ఆ నలుపును చూసిన ప్రతిసారీ నాకు ఆ బాబే గుర్తొచ్చేవాడు. అందుకే ఆ గోడను చూసి కూడా చూడలేదన్న మనిషి మీద నా కోపం చల్లారడం లేదు.

వంట వాసన విషయంలో నేను మొండిగా వాదించను. ఇల్లు అప్పగించేటప్పుడు నిజంగా గట్టి వాసన మిగిలి ఉంటే, శుభ్రం చేయించే న్యాయమైన ఖర్చు యజమాని అడగవచ్చు. అయితే ఆ వాసన ఉందని రుజువు చేయవలసినది ఆయనే. అరిగిపోయిందని తామే రాసుకున్న కార్పెట్‌కు బదులు కొత్తది మా డబ్బుతో వేయించుకునే హక్కు ఎవరికీ లేదు. వస్తువు వయసు, మామూలు వాడకంలో వచ్చే అరుగుదల తీసేసి లెక్క కట్టాలి. "మీవాళ్ళు" అన్న మాట సంగతి వేరు. కెంట్‌లో చాలా ఇళ్ళున్న ఒక యజమాని, కూర వాసన కారణంగా నల్లజాతి, ఆసియా వాళ్ళకు ఇళ్ళు ఇవ్వవద్దని తన ఏజెంట్లకు రాసినప్పుడు, 2017 నవంబరులో మెయిడ్‌స్టోన్ కౌంటీ కోర్టు అది చట్టవిరుద్ధమని చెప్పి నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. అలా ఈమెయిల్‌లో రాయడం ప్రమాదమని ఈ ఏజెంట్లు నేర్చుకున్నట్టున్నారు, నోటితో మాత్రం అంటున్నారు.

ఇక అన్నిటికన్నా నీచమైన మాట ఫోన్‌లో వచ్చింది. ఈ కోతలకు ఒప్పుకోమని చెప్పినప్పుడు, విషయం సాగదీస్తే కొత్త ఇంటి ఏజెంటుకు మా గురించి ఇచ్చే రిఫరెన్స్ ఎలా రాయాలో తాము ఆలోచించుకోవలసి ఉంటుందని అతను మావారితో అన్నాడు. పెద్ద నగరంలో ఈ బెదిరింపుకు బలం తక్కువ. ఇలాంటి ఊళ్ళో ఏజెంట్లు కొద్దిమందే, ఒకరినొకరు ఎరిగినవాళ్ళే. పిల్లల బడి మారకూడదంటే ఇల్లు అదే ఊళ్ళో దొరకాలి. మనవాళ్ళు చాలామంది గొడవ ఎందుకని సగం డిపాజిట్ వదులుకుని వెళ్ళిపోవడానికి కారణం ఈ భయమే. ఆ భయం ఎంత బలమైనదో ఏజెంటుకు బాగా తెలుసు.

మేము వదులుకోవడం లేదు. డిపాజిట్ నమోదైన ప్రభుత్వ ఆమోదిత డిపాజిట్ రక్షణ పథకంలో వివాదం పెట్టాము. తీర్పు ఎలా వచ్చినా ఇక్కడ రాస్తాను.

మీకు పనికొచ్చేవి కొన్ని త్వరగా చెబుతాను. సంవత్సరానికి 50,000 పౌండ్ల లోపు అద్దె ఉన్న ఇంటికి 5 వారాల అద్దె కంటే ఎక్కువ డిపాజిట్ తీసుకోకూడదు. తీసుకున్న 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన మూడు పథకాలలో ఒకదానిలో భద్రపరచి ఆ వివరాలు మీకు రాసి ఇవ్వాలి; ఇవ్వకపోతే కోర్టు ఆ మొత్తానికి 1 నుంచి 3 రెట్ల వరకు మీకు ఇప్పించవచ్చు. ఆ పథకాల ద్వారా జరిగే పరిష్కారానికి రుసుము లేదు, ఇరువైపులా ఇచ్చిన కాగితాలూ ఫొటోలూ చూసి నిర్ణయిస్తారు కాబట్టి ఏజెంటు ఫోన్‌లో ఏది చెప్పినా, "మీరు ఇప్పుడు ఫోన్‌లో ఇలా చెప్పారు" అని వెంటనే ఈమెయిల్ పంపండి. ఫలానా కంపెనీ చేతనే ఇల్లు శుభ్రం చేయించి రసీదు తెమ్మని ఒత్తిడి చేయడం 2019 జూన్ 1న అమల్లోకి వచ్చిన టెనెంట్ ఫీజుల చట్టం కింద చెల్లదు. 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టంలోని సెక్షన్ 11 ప్రకారం ఇంటి బయటి భాగాలు, గట్టర్లతో సహా, బాగుచేయించవలసినది యజమానే. ఎంతకూ చేయించకపోతే కౌన్సిల్‌లోని ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగాన్ని తనిఖీకి పిలవండి. ఫిర్యాదు చేస్తే ఖాళీ చేయిస్తారన్న భయం ఉన్నవాళ్ళు తెలుసుకోవలసినది, 2025 నాటి కొత్త చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి కారణం చెప్పకుండా ఖాళీ చేయమనే సెక్షన్ 21 నోటీసు ఇంగ్లండ్‌లో కొత్తగా ఇవ్వడం చెల్లదు. ఏజెంటు ప్రవర్తన మీద ముందు వాళ్ళకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 8 వారాల్లో సరైన జవాబు రాకపోతే వాళ్ళు సభ్యులుగా ఉన్న ఫిర్యాదుల పరిష్కార సంస్థకు వెళ్ళవచ్చు, ఆ సభ్యత్వం లేకుండా ఏ ఏజెంటూ ఇక్కడ వ్యాపారం చేయకూడదు.

మేము వదిలిన ఇల్లు ఈ ఉదయం మళ్ళీ అద్దె ప్రకటనల్లో కనిపించింది. వీధి వైపు పడకగది గోడకు తెల్ల రంగు వేశారు, గట్టర్ మాత్రం బయటి ఫొటోలో అలాగే వంగి ఉంది. స్టేషన్ దగ్గర రెండు పడకగదుల ఎర్ర ఇటుక ఇల్లు చూడడానికి వెళ్ళే మనవాళ్ళు ఎవరైనా ఉంటే, వాన పడిన మరునాడే వెళ్ళండి, ముందు రోడ్డు అవతల నిలబడి చూరు వైపు చూడండి, సంతకం చేసే ముందు నాకు ఒక మెసేజ్ పెట్టండి. ఆ గోడ ఫొటోలన్నీ నా దగ్గర తేదీలతో సహా ఉన్నాయి.