పాత ముద్రాచిత్రం వెంట బాడ్ ఎమ్స్‌కు

గత సెప్టెంబరులో జర్మనీలోని కోబ్లెంజ్ నగరంలో, ఒక పాత పుస్తకాల దుకాణంలో, అరచేతి కంటె కొంచెం పెద్దదైన ముద్రాచిత్రం నా కంటబడింది. మధ్యలో లాన్ నది, ఇరువైపులా ఊరు, చుట్టూ అడవి కొండలు, అడుగున ‘ఎమ్స్’ అన్న పేరు. సంవత్సరం మాత్రం లేదు. దుకాణదారు భూతద్దం చేతికిచ్చి చూడమన్నారు. ఈ కాలపు నకలైతే సిరా చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఇక్కడ ఉన్నవి వెంట్రుక కంటె సన్నని, తెగని గీతలు, అంటే లోహపు రేకు మీద చెక్కి, సిరా పూసి అచ్చొత్తినవి. రాగి రేకు త్వరగా అరిగిపోతుంది, ఉక్కు రేకు వేల ప్రతులకు నిలుస్తుంది కనుక, 1820ల తరువాత ఇటువంటి దృశ్యాలు యాత్రికులకు చవకగా దొరికాయి. 40 యూరోలిచ్చి కొన్నాను.

అది ఏనాటిదో తేల్చుకోవాలన్న పట్టుదలతోనే మరునాడు మా అమ్మగారితో రైలెక్కి, 20 నిమిషాలలో ఆ ఎమ్స్‌కే, అంటే ఔషధ ఊటలకు పేరుపొందిన నేటి బాడ్ ఎమ్స్‌కు, చేరాను.

చిత్రకారుడు కుడి ఒడ్డు కొండ మీది నుంచి గీశాడని చూడగానే తెలుస్తుంది. 1979లో వేసిన కుర్‌వాల్డ్‌బాన్ అనే ఏటవాలు రైలు దాదాపు ఆ ఎత్తుకే తీసుకెళ్తుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు అది చేసిన మేలు ఇంతా అంతా కాదు. పైన నిలబడి చిత్రాన్ని ఊరితో సరిపోల్చాను. 1839లో పూర్తయిన కుర్‌జాల్ అనే సభామందిరం చిత్రంలో ఉంది. ఎదుటి ఒడ్డున 1858లో వచ్చిన రైలుమార్గం లేదు, 1876 నాటి రష్యన్ చర్చి లేదు. వాటి చోట తోటలున్నాయి. అంటే ఈ దృశ్యం 1839కీ 1858కీ నడిమి 19 ఏళ్లలోది. పాత గీతను చూసి తరువాత చెక్కిన రేకులూ ఉండేవి కనుక, ఇది దృశ్యానికి వయసే కాని కాగితానికి కాదు. కొండలను మాత్రం చిత్రకారుడు ఉన్నదాని కంటె నిటారుగా లేపాడు.

మొదటి రాత్రి స్టేషను వైపు చిన్న బసలో దిగాము. గది శుభ్రంగా ఉంది, అద్దె తక్కువ. కాని లిఫ్టు లేదు, తెల్లవారకముందే రైళ్ల చప్పుడు. రెండో రాత్రికి నది దాటి, కుర్‌హౌస్ అనే పాత స్నానవిడిదిలోని హోటల్‌కు మారాము. అద్దె రెట్టింపు దాటినా, పెద్దవారితో వచ్చేవారికి నేను దీనినే చెబుతాను, ఎందుకంటే ఊట నీరు తాగే హాలు ఆ భవనంలోనే ఉంది. గోరువెచ్చగా, కాస్త ఉప్పగా ఉండే ఈ నీటి కోసమే రష్యన్ నవలాకారుడు దోస్తోయెవ్‌స్కీ ఛాతీ జబ్బుతో 1874 నుంచి 1879 లోపు నాలుగుసార్లు ఇక్కడికి వచ్చాడు. అమ్మ అర గ్లాసు తాగి, చాలంది.

ఇటువంటి చిత్రాలు కొనదలచినవారు శనివారంలోపే చూసుకోవాలి, ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. గొట్టంలా చుట్టి ఇస్తామంటే ఒప్పుకోవద్దు, వంపుల దగ్గర పాత కాగితం విరుగుతుంది. రెండు అట్టల మధ్య పెట్టి ఇమ్మనాలి.