మైదుకూరు రోడ్డు పాల కొట్టు: పెరుగు కోసమైనా వెళ్లండి

ప్రొద్దుటూరులోని ఈ చిన్న కొట్టుకు చాపాడు వైపు పల్లెల నుంచి రెండు పూటలా ఎనుము (గేదె) పాలు వస్తాయి. కుందూ నది పక్కన, కేసీ (కర్నూలు-కడప) కాలవ కింద వరి పండే ఊళ్లవి. 1860లలో తవ్విన ఆ కాలవలో ఒకప్పుడు పడవలు కూడా తిరిగేవి. కాలవకు నీళ్లొస్తే వరి, వరి పండితే గడ్డి, గడ్డి ఉంటేనే పాడి. "ఈసారి గడ్డి కొనాల్సొచ్చిందన్నా" అని కొట్టాయన చెప్పాక, పెంచిన ధర నాకు ఎక్కువ అనిపించలేదు.

పెరుగు మట్టి చట్టిలో తోడేస్తారు. గంటెతో తీస్తే గడ్డ విరగదు, పైన వేలు మందం మీగడ. నెయ్యి తెల్లగా పూస కట్టి ఉంటుంది; ఎనుము నెయ్యి అంతే, పసుపు రంగు కోసం చూడొద్దు. కోవాలో మాత్రం చక్కెర ఎక్కువ. చీకటి పడితే పెరుగు మిగలదు, గిన్నె తీసుకుని ముందే వెళ్లండి.