ఖాళీ జాబితా చిక్కు: పైథాన్‌లో ఏ సర్దుబాటు మేలు?

ఇందుకూరుపేట వైపు రొయ్యల మేత అమ్మే ఒక దుకాణానికి బిల్లుల ప్రోగ్రామును పైథాన్‌లో రాసి ఇచ్చాను. వారం తిరగకముందే ఒక రైతు కాగితం పట్టుకొని కౌంటరు దగ్గరికి వెనక్కి వచ్చి, "ఏంది అబ్బయ్యా, నా ముందు వచ్చినాయన మేతకి కూడా నేనే డబ్బులు కట్టాలా?" అని అడిగాడు. ఆయన కొన్నది ఆరు బస్తాలు, కాగితం మీద ఉన్నవి పద్నాలుగు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను కాబట్టి తప్పు ఎవరిదో వెతకవలసిన పని లేకపోయింది.

తప్పంతా ఒక్క వరుసలో ఉంది: డెఫ్ బిల్లు(రైతు, బస్తాలు=[]). డెఫ్ అంటే ఒక ఫంక్షన్‌ను, అంటే పేరు పెట్టి కావలసినప్పుడల్లా పిలిచే పని ముక్కను, నిర్వచించే మాట; [] అంటే ఖాళీ జాబితా. బస్తాల జాబితా ఇవ్వకపోతే ఖాళీ జాబితాతో మొదలుపెట్టమని నా ఉద్దేశం. కానీ పైథాన్ ఆ జాబితాను ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారీ కొత్తగా తయారు చేయదు. డెఫ్ వరుస నడిచినప్పుడు ఒక్కసారే చేసి పెట్టుకొని, ఆ తరువాత వచ్చినవారందరికీ దాన్నే అందిస్తుంది. అందువల్ల పొద్దున ప్రోగ్రాము తెరవగానే వచ్చే మొదటి రైతు బిల్లు ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది, రెండో రైతు బిల్లులో మొదటివాని బస్తాలు వచ్చి చేరతాయి. నేను ఒక్కొక్క బిల్లు కొట్టి, ప్రోగ్రామును ఆపి, మళ్లీ మొదలుపెట్టి పరీక్షించినందున ఇది నా కంట పడలేదు. జావాస్క్రిప్ట్ అనే మరో భాషలో 2015లో వచ్చిన డిఫాల్ట్ విలువలు (ఏమీ ఇవ్వకపోతే వాడేవి) పిలిచిన ప్రతిసారీ కొత్తగా లెక్కకు వస్తాయి. పైథాన్‌లోనూ అలాంటివాటికి వేరే గుర్తు పెడదామని 2021లో పెప్ 671 అనే ప్రతిపాదన వచ్చింది గాని, అది భాషలో చేరలేదు. ఈ లోపంతోనే కాపురం చేయాలి కాబట్టి, ఏ సర్దుబాటు మేలో చూసుకోవలసింది మనమే.

అందరూ చెప్పేది నన్ (ఏ విలువా లేదని చెప్పే పైథాన్ గుర్తు) పద్ధతి. డిఫాల్ట్‌గా నన్ పెట్టి, లోపల "బస్తాలు ఈజ్ నన్" అయితే కొత్త జాబితా తయారు చేయడం. ప్రతి ఫంక్షన్‌లో రెండు వరుసలు పెరుగుతాయి. పైగా మొదటి వరుస చూసినంత మాత్రాన అసలు డిఫాల్ట్ ఏమిటో తెలియదు, లోపలికి వెళ్లి చదవాలి. ఇవి భరించదగిన ఇబ్బందులే.

ఆ రెండు వరుసలకు బద్ధకించినవారు "బస్తాలు = బస్తాలు ఆర్ []" అని, అంటే ఎడమవైపుది "లేదు" అయితే కుడివైపుది తీసుకోమని, ఒక్క వరుసలో ముగిస్తారు. చూడడానికి ముచ్చటగా ఉంటుంది, నేనూ కొంతకాలం ఇలాగే రాశాను. కానీ పైథాన్‌కు ఖాళీ జాబితా, సున్నా, నన్ మూడూ "లేదు" కిందికే వస్తాయి. పిలిచినవారు తమ ఖాళీ జాబితాను నింపమని ఇస్తే, ఫంక్షన్ దాన్ని పక్కన పడేసి కొత్తదాన్ని నింపుతుంది. వారి చేతిలోది ఖాళీగానే మిగిలిపోతుంది. అంకెల దగ్గర ఇంకా ప్రమాదం. అరువు మీద తీసుకునేవారికి తగ్గింపు 0 అని ఇస్తే, "తగ్గింపు ఆర్ 5" అన్న వరుస వారికి కూడా 5 శాతం తగ్గించి పెడుతుంది. ఎక్కువ వేస్తే రైతు వెంటనే వచ్చి అడుగుతాడు, తక్కువ వేస్తే ఎవరూ వచ్చి చెప్పరు. అందుకే ఈ పద్ధతిని నేను పూర్తిగా మానేశాను.

తగినంత పేరు రానిది టపుల్ (జాబితా లాంటిదే, మరో రకం) పద్ధతి: చదరపు బ్రాకెట్లకు బదులు గుండ్రటి బ్రాకెట్లు, అంటే బస్తాలు=(). టపుల్‌ను మార్చడం కుదరదు కనుక ఎవరైనా పొరపాటున దానికి బస్తా చేర్చబోతే ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగి తప్పు చూపిస్తుంది. జాబితాను చదివి అచ్చువేయడం, మొత్తం కట్టడం వంటి పనులకు నన్ కంటే ఇదే మేలని నా అభిప్రాయం. మొదటి వరుసలోనే ఖాళీ అని కనబడుతుంది, అదనపు వరుస ఒక్కటీ అక్కరలేదు. జాబితాకు చేర్చే ఫంక్షన్లకు మాత్రం ఇది పనికిరాదు, అక్కడ నన్ తప్పదు.

డేటాక్లాసులు (సంబంధిత వివరాలను ఒక కట్టగా దాచే పైథాన్ సదుపాయం) వాడేవారికి ఈ బాధ తక్కువ. 2018లో పైథాన్ 3.7తో వచ్చిన ఆ సదుపాయం ఖాళీ జాబితాను డిఫాల్ట్‌గా పెడితే ఒప్పుకోదు, ప్రతిసారీ కొత్త జాబితా తయారు చేసే డిఫాల్ట్ ఫ్యాక్టరీ వాడమంటుంది. మామూలు ఫంక్షన్లకు ఆ కాపలా లేదు గనుక పైలింట్ వంటి తనిఖీ పరికరం పెట్టుకోవాలి. అది ప్రమాదకరమైన డిఫాల్ట్ అని వరుస సంఖ్యతో సహా చూపిస్తుంది, దిద్దడం మాత్రం మన పనే. "తగ్గింపు ఆర్ 5" దగ్గర అదీ నోరు మెదపదు. ఈ పాటి లోపానికి భాషనే మార్చమనేవారి మాట నేను పట్టించుకోలేదు. కొత్త భాషలో కొత్త లోపాలు నేర్చుకునే తీరిక ఆ దుకాణానికి లేదు, నాకూ లేదు.

ఇప్పుడు ఆ ప్రోగ్రాములో బిల్లు కట్టే ఫంక్షన్‌కు నన్, అచ్చువేసేదానికి టపుల్ పెట్టాను. పరీక్ష కూడా మార్చాను: ప్రోగ్రామును ఆపకుండా వెంటవెంటనే రెండు బిల్లులు కడుతుంది, రెండోదానిలో ఒక్క బస్తా కూడా ఉండదు, తగ్గింపు 0.