‘ఫ్యామిలీ సూట్’ బుక్ చేస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

వేసవి సెలవులకు పెద్దవాళ్లను, పిల్లలను వెంటబెట్టుకుని ఊటీ, కొడైకెనాల్, మున్నార్, అరకు లాంటి చోట్లకు బయల్దేరేవాళ్ల కోసం ఈ పోస్ట్. ఐదారుగురికి బస వెతుకుతుంటే హోటల్ బుకింగ్ యాప్‌లో ఒక పెద్ద ఫ్యామిలీ సూట్ (లోపలే వేర్వేరు భాగాలుండే పెద్ద బస), లేదంటే విడిగా రెండు గదులు కనిపిస్తాయి. అందరం ఒకేచోట ఉంటాం కదా అని చాలామంది సూట్ వైపే మొగ్గుతారు. మేమూ అందుకే తీసుకున్నాం. సంక్రాంతి సెలవుల్లో ఊటీలో మాకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదని రాస్తున్నాను.

మావారు, నేను, ఇద్దరు పిల్లలు, అత్తయ్య, మామయ్య వెళ్లాం. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. మామయ్యకు షుగర్, రాత్రిపూట రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది. ఈ సంగతులన్నీ చెప్పి మరీ బుకింగ్‌కి ముందు హోటల్‌కి ఫోన్ చేసి అడిగాను. ‘రెండు బెడ్‌రూములు మేడమ్, పెద్దవాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు’ అన్నారు. యాప్‌లో కూడా ‘ఆరుగురికి, రెండు బెడ్‌రూములు’ అనే ఉంది. రాత్రికి 8,400 రూపాయలు, పన్ను అదనం. అదే హోటల్లో మామూలు డీలక్స్ గది 3,900.

తీరా వెళ్లి చూస్తే అది ఒక్కటే పొడవాటి గది. మధ్యలో ప్లైవుడ్ పార్టిషన్ పెట్టారు. అది పైకప్పు దాకా కూడా లేదు, అటు లైటు వేస్తే ఇటు వెలుగు పడుతుంది. తలుపు ఉండాల్సిన చోట కర్టెన్. లోపలి వైపు ఒక డబుల్ కాట్, బయటి వైపు ఒక సోఫా కమ్ బెడ్. మిగతావాళ్లకు నేల మీద పరుపులట. అన్నిటికంటే ఘోరం బాత్రూమ్. ఉన్నది ఒకటే, అదీ లోపలి భాగంలో. బయట పడుకున్నవాళ్లు ఎవరు లేచినా కర్టెన్ తప్పించుకుని లోపలివాళ్ల మంచం పక్కనుంచే వెళ్లాలి.

యాప్‌లోని ఫోటోలు చూపించి అడిగితే ‘అవి పై అంతస్తులో ఉన్న వేరే కేటగిరీ గదివి’ అన్నాడు రిసెప్షన్ అబ్బాయి. అంతటితో ఆగలేదు. ఈ రేటు నలుగురికేనట, మిగతా ఇద్దరికి పరుపుకు 800 చొప్పున కట్టాలట. బ్రేక్‌ఫాస్ట్ ఉచితం అన్నది ఇద్దరికి మాత్రమేనట. యాప్ వాళ్లకు ఫోన్ చేస్తే హోటల్‌తో మాట్లాడుకోండి అంటారు, హోటల్ వాళ్లు యాప్‌తో మాట్లాడుకోండి అంటారు. అప్పటికే చీకటి పడిపోయింది. ఊటీలో పొంగల్ రద్దీ, చుట్టుపక్కల ఎక్కడ అడిగినా గది లేదు. మేం వచ్చింది మైసూరు నుంచి. ఆ బండీపుర అడవి దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు కాబట్టి వెనక్కి పోదామన్నా లేదు. మన అవస్థ వాళ్లకు బాగా తెలుసు, అందుకే అంత ధీమాగా మాట్లాడతారు.

అత్తయ్య, మామయ్యలను మంచం ఉన్న లోపలి వైపు పడుకోబెట్టి మేం బయట సర్దుకున్నాం. జనవరి ఊటీ చలి ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకు తెలుసు, తెల్లవారేసరికి గడ్డి మీద మంచు పేరుకుని ఉంటుంది. ఆ చలిలో పల్చటి పరుపేసి నేల మీద పడుకుంటే ఎంత కప్పుకున్నా వీపు వణుకుతూనే ఉంది. పిల్లలు రాత్రి బాత్రూమ్‌కి లేచిన ప్రతిసారీ అత్తయ్యకు మెలకువ. లేచి లైటు వేస్తే మా వైపూ వెలుగు పడి మేం ఇబ్బంది పడతామని మామయ్య మంచినీళ్లు తాగడమే మానేశారు. షుగర్ ఉన్న మనిషి అలా దాహాన్ని ఆపుకుని కూర్చుంటే మనసుకు ఎంత కష్టంగా ఉంటుందో చెప్పలేను. పొద్దున వేడినీళ్లు రెండు గంటలే ఇస్తారట. చిన్న గీజర్, రెండు బకెట్లు పట్టగానే చన్నీళ్లు. తలుపు లేని గది కాబట్టి బట్టలు మార్చుకోవాలన్నా ఆ బాత్రూమే దిక్కు. అత్తయ్య తడి నేల మీద ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో కుచ్చిళ్లు తడవకుండా ఎత్తిపట్టుకుని చీర కట్టుకున్నారు. అక్కడ కాలు జారి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసి కూనూరు వెళ్లిపోయాం. ఒక చిన్న లాడ్జిలో గదులు కళ్లతో చూసి, కింది అంతస్తులోనే పక్కపక్కన రెండు తీసుకున్నాం. ఆ రాత్రి మామయ్య నిశ్చింతగా నిద్రపోయారు. చిన్నది నానమ్మ దగ్గరికి చేరింది, పెద్దవాడు మా దగ్గర పడుకున్నాడు. రెండు బాత్రూములు ఉండటంతో పొద్దున తొమ్మిదికల్లా అందరం తయారై బయటపడ్డాం.

ఇప్పుడు డబ్బుల లెక్క. దీన్ని బుక్ చేసేటప్పుడు చాలామంది పట్టించుకోరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రాత్రికి 7,500 వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. ఈ లెక్క ఒక్కో గదికి విడిగా చూస్తారు. మా సూట్ 8,400 కాబట్టి పన్నే 1,512 పడింది, మొత్తం 9,912. అదే హోటల్లో రెండు డీలక్స్ గదులైతే 7,800కి పన్ను 390, మొత్తం 8,190. అంటే రాత్రికి 1,722 రూపాయలు ఎక్కువ కట్టి ఒక బాత్రూమ్‌ను, ఒక తలుపును, ఒక మంచాన్ని పోగొట్టుకున్నట్టు. పరుపులకు అడిగిన 1,600 దీనికి అదనం. అందుకే యాప్‌లో మొదట కనిపించే రేటు చూసి పోల్చకండి. పన్నుతో కలిపి చివరి పేజీలో వచ్చే మొత్తాన్నే పక్కపక్కన పెట్టుకుని చూడండి.

సూట్లన్నీ మోసమని అనడం లేదు. చంటిపిల్లలున్న దంపతులకు, లేదా ఒంటరిగా వేరే గదిలో పడుకోలేని వయసు పిల్లలున్నవాళ్లకు మంచి సూట్ చాలా సుఖం. పిల్లలు నిద్రపోయాక పక్క గదిలో లైటు వేసుకుని కూర్చోవచ్చు. పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం నా మాట వినండి, రెండు గదులే తీసుకోండి.

రెండు గదులు తీసుకునేటప్పుడు కూడా ఒక చిక్కుంది. కనెక్టింగ్ రూమ్స్ అంటే రెండు గదుల మధ్య లోపలి నుంచే తలుపు ఉంటుంది. పక్కపక్క గదులకు అది ఉండదు, వరండాలోంచే తిరగాలి. చాలా హోటళ్లు బుకింగ్‌లో ‘అందుబాటును బట్టి’ అని రాసి, తీరా వెళ్లాక ఒకటి మొదటి అంతస్తులో, ఇంకొకటి మూడో అంతస్తులో ఇస్తాయి. కొండ ఊళ్లలో చిన్న హోటళ్లకు లిఫ్ట్ లేకపోవడం మామూలే. అందుకని గది నంబర్లు ముందే ఖాయం చేస్తారా అని అడగండి.

సూటే కావాలనుకుంటే ఫోన్‌లో చెప్పిన మాటను నమ్మి ఊరుకోవద్దు. మీకివ్వబోయే ఆ గదినే వీడియో తీసి వాట్సాప్‌లో పంపమనండి. గుమ్మం దగ్గర మొదలుపెట్టి, పడుకునే చోట్లన్నీ చూపిస్తూ బాత్రూమ్ దాకా నడిచి తీయమనండి. మంచి గదైతే పంపడానికి వెనకాడరు. రెండు భాగాల మధ్య గడియ పడే తలుపు ఉందా, బాత్రూములు ఎన్ని, బయటి గదిలోంచి నేరుగా వెళ్లొచ్చా, మంచాలెన్ని, ఈ రేటు ఎంతమందికి, ఏ వయసు పిల్లలకు డబ్బు తీసుకుంటారు, బ్రేక్‌ఫాస్ట్ ఎందరికి, వేడినీళ్లు ఎప్పుడెప్పుడు వస్తాయి... ఇవన్నీ మెసేజ్‌లో అడిగి, మెసేజ్‌లోనే జవాబు తీసుకోండి. డబ్బు తిరిగి ఇవ్వని బుకింగ్ నాలుగు వందలు చవకైనా వద్దు. సీజన్‌లో అయితే అసలే వద్దు.

ఇప్పటికే ఇలా ఇరుక్కుంటే లోపలికి అడుగుపెట్టగానే, సామాను దించకముందే వీడియో తీయండి. డబ్బు కట్టే ముందు కనిపించిన పేజీ స్క్రీన్‌షాట్, బిల్లు భద్రంగా ఉంచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915, తెలుగులోనూ మాట్లాడతారు. ఒకటి చూపించి ఇంకొకటి అంటగట్టడం, మొదట దాచిన ఖర్చును తర్వాత బయటపెట్టడం రెండూ 2023 నవంబర్ 30న కేంద్రం నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను తప్పుదారి పట్టించే పద్ధతులు) మార్గదర్శకాల్లో ఉన్నవే, ఫిర్యాదులో ఆ మాట రాయండి. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక హోటల్ ఏ రాష్ట్రంలో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. మనం కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే కేసు వేయడానికి ఫీజు లేదు, వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు.

మాకు 1915కి ఫిర్యాదు చేశాక, మేం ఉండని రాత్రుల డబ్బు యాప్ తిరిగి వేసింది. మొదటి రాత్రి డబ్బు, పరుపుల 1,600 ఇంకా రాలేదు. వాటి కోసం కమిషన్‌లో వేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం.