అమెరికా మత చరిత్ర: మిల్లర్ దారా, రాబొటో దారా?

అమెరికా మత చరిత్ర చదవాలనుకునేవాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలన్నదే పెద్ద చిక్కు. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పిన పెర్రీ మిల్లర్ చూపిన దారి ఒకటి, ప్రిన్స్‌టన్‌లో చెప్పిన ఆల్బర్ట్ రాబొటోది ఇంకొకటి. ఇద్దరూ ఉద్దండులే. నన్నడిగితే రాబొటోతో మొదలుపెట్టమంటాను.

మిల్లర్ నమ్ముకున్నది పాస్టర్ల ప్రసంగాలు, క్రైస్తవ వేదాంత గ్రంథాలు. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్ నుంచి మసాచుసెట్స్‌కు వలస వచ్చిన ప్యూరిటన్లు (కఠిన నియమాలు పాటించే ప్రొటెస్టెంట్లు) వట్టి ఛాందసులని అప్పట్లో చాలామంది తీసిపారేసేవారు. ప్యూరిటన్ల నమ్మకాల వెనక ఎంత పకడ్బందీ తర్కం ఉందో 1939లో, 1953లో వచ్చిన రెండు సంపుటాల్లో ఆయన విప్పి చూపించాడు. 1630లో ప్యూరిటన్ల నాయకుడు జాన్ విన్‌త్రాప్ తన ప్రసంగంలో అన్న ‘కొండమీది పట్టణం’ మాటనే తీసుకోండి. అమెరికా అధ్యక్షులు కెనెడీ, రీగన్ దాన్ని గర్వంగా వాడుకున్నారు. అసలు ప్రసంగంలో మాత్రం అది హెచ్చరిక: లోకమంతా మనల్నే చూస్తోంది, దేవుడికిచ్చిన మాట తప్పితే నవ్వులపాలవుతాం. ఇలాంటివి అర్థం కావాలంటే మిల్లర్‌ను చదవాల్సిందే. అయితే ఆ ప్రసంగం 1838 దాకా అచ్చే కాలేదు. పైగా కాగితం మీద మిగిలింది ఎక్కువగా పాస్టర్ల మాటే. వెనక బెంచీలో కూర్చున్న పనిమనిషి ఏమనుకుందో అందులో దొరకదు.

రాబొటో సరిగ్గా ఆ వెనక బెంచీ దగ్గరికే వెళ్లాడు. 1978లో వచ్చిన ఆయన పుస్తకం అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లోని నల్లజాతి బానిసల మతం గురించి. చాలా రాష్ట్రాల్లో బానిసలకు చదువు చెప్పడమే నేరం. యజమానులు పిలిపించిన బోధకులు ‘దొర మాట వినండి’ అని చెప్పేవారు. అసలు ప్రార్థన రాత్రిపూట, అడవిలోనో గుడిసెలోనో జరిగేది. శబ్దం బయటికి పోకుండా గుమ్మం దగ్గర ఇనప గంగాళాన్ని బోర్లించేవాళ్లమని బానిసలుగా బతికిన ఎందరో ముసలివాళ్లు తర్వాత చెప్పారు. గంగాళం శబ్దాన్ని ఆపుతుందా అన్న అనుమానం మనకొస్తుంది. అది ఆఫ్రికా ఆచారపు జాడ కావచ్చని కొందరు చరిత్రకారుల ఆలోచన.

ఈ సాక్ష్యాలకూ లోపాలున్నాయి. 1936-38 మధ్య ప్రభుత్వ ప్రాజెక్టు కింద 2,300కు పైగా మాజీ బానిసల మాటలు రాసుకున్నారు. అడిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. చెప్పినవాళ్లు చాలావరకు పండు ముసలివాళ్లు, బానిసత్వం పోయేనాటికి చిన్నపిల్లలు. తెల్లవాళ్ల ముందు మనసువిప్పి మాట్లాడటం ప్రమాదమైన కాలమది. కొత్తగా చదివేవాళ్లకు రాబొటో మేలనడానికి ఇదే నా కారణం: ఎవరు చెప్పారు, ఎవరితో చెప్పారు, ఏం దాచారు అని మొదటి రోజు నుంచే అడగాల్సి వస్తుంది.

ఆ తర్వాత మిల్లర్‌ను ఎత్తుకుంటే ప్యూరిటన్లూ కొత్తగా కనిపిస్తారు. ప్యూరిటన్లూ బానిసలూ చెప్పుకున్నది బైబిల్లోని ఒకే నిర్గమకాండం కథ: ఐగుప్తులో బానిసలైన ఇశ్రాయేలీయులు విడుదలై, దేవుడు మాటిచ్చిన వాగ్దాన భూమికి బయలుదేరడం. ప్యూరిటన్లకు అమెరికా వాగ్దాన భూమి, బానిసలకు అదే ఐగుప్తు.

మనకూ ఇది దూరపు సంగతి కాదు. 1878 జులై 3న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒంగోలు ప్రాంతంలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, అత్యధికులు మాదిగలు. మిషన్ రాతలు కావలసినన్ని ఉన్నాయి. ఆ కుటుంబాల మాట వినాలంటే రాబొటో పద్ధతే పనికొస్తుంది.

రాజకీయ ఉపన్యాసాల మీదో వేదాంతం మీదో పరిశోధన చేసేవాళ్లు మాత్రం నేరుగా మిల్లర్‌తోనే మొదలుపెట్టొచ్చు. మిగతావాళ్లు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఉచితంగా దొరికే ఆ మాజీ బానిసల ఇంటర్వ్యూలు నాలుగైదు చదివి, రాబొటో పుస్తకం తెరవండి.