గడ్డి చామంతా, విష్ణుక్రాంతా?

హైదరాబాద్‌లో గడ్డి చామంతిని వెతకనక్కర్లేదు. ఫుట్‌పాత్ పగుళ్లు, ఖాళీ ప్లాట్లు, మెట్రో స్తంభాల కింది మట్టి, దేనికీ వంక పెట్టదు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చిన మొక్క ఇది. పొడవాటి కాడ మీద పసుపు బొడ్డు, చుట్టూ లేత తెలుపు రేకులు, ఒక్కో రేకు చివర మూడు నొక్కులు. గింజకు నూగు ఉంటుంది కనుక గాలే విత్తుతుంది.

విష్ణుక్రాంత అలా దొరకదు. దానికి తవ్వని నేల నచ్చుతుంది: గ్రానైటు గుట్టల మధ్య గరుకు మట్టి, ఎండ, పొట్టి గడ్డి. నేలకు అంటుకుని పాకుతుంది, పట్టులాంటి నూగు ఆకులు. పువ్వు చిటికెన వేలి గోరంత, లేత నీలం, నడుమ తెల్లని చుక్క. పొద్దున విచ్చి మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది. సాయంత్రపు నడకలో కనిపించదు. వినాయక చవితి ఇరవై ఒక్క పత్రుల్లో ఇదీ ఒకటి. శంఖుపుష్పం తీగ ఇది కాదు, నర్సరీల్లో కుండీల్లో అమ్మే ఎవాల్వులస్ అనే నీలిపూల మొక్క దీని బంధువు మాత్రమే.

నా ఓటు విష్ణుక్రాంతకే. గుట్టను చదును చేసినా గడ్డి చామంతి మళ్లీ మొలుస్తుంది. ఈ నీలిపువ్వుకు మాత్రం ఆ గుట్టే ఇల్లు. చవితికి పత్రి కోసేటప్పుడు వేరుతో పీకకండి, కొసలు తుంచితే చాలు.